గుర్రాల దగ్గర కాపలా

శనివారం మధ్యాహ్నం నాలుగింటికి, డింకో సైకిల్ కొట్టు వెనక గదిలో గ్రొమిల్ చచ్చిపోయాడు. గ్రొమిల్ అంటే బొటనవేలంత సీసపు బొమ్మ. అయినా పంతొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం ఆ బల్ల మీద డాలు పట్టుకుని నిలబడ్డవాడు విరిగిపోయాడనో, ఆటలోంచి తప్పుకున్నాడనో అనడానికి నోరు రాదు. చచ్చిపోయాడనే అనాలి.

బల్ల చుట్టూ నలుగురు. ఆట నడిపేది నెవెంకా. రాక్షసులు, గాలివానలు, సత్రాల్లో నీళ్ళు కలిపిన సారా పోసే యజమానులు, అన్నీ ఆమే. పాచికలు వేసి ఎవరికి ఏమయిందో చెప్పేదీ, పేచీ వస్తే తీర్పు ఇచ్చేదీ ఆమే. మిగతా ముగ్గురికీ తలా ఒక మనిషి. కొట్టు యజమాని డింకోకి మతిమరుపు మంత్రగాడు, మందుల షాపులో పనిచేసే మిర్నాకి గోడలెక్కే దొంగపిల్ల, రైల్వే సిగ్నల్ కేబిన్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన స్లావెన్‌కి డాలు మోసే గ్రొమిల్.

ఆ రోజు చిత్తడినేల పాము తోక విసిరింది. ఒకే విసురు, పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరికీ తగిలింది: దొంగపిల్లకీ, గ్రొమిల్‌కీ. నెవెంకా పాచికలు అందరి ముందూ వేసింది. తొమ్మిది. ప్రాణాన్ని వాళ్ళు ఊపిర్లలో లెక్కపెడతారు. దొంగపిల్లకి మిగిలినవి నాలుగు ఊపిర్లే. మిర్నా మొహం వాడిపోయేలోపే స్లావెన్ అడ్డుపడతానన్నాడు. డాలు మోసేవాడికి ఆ హక్కుంది. పక్కవాళ్ళ మీద పడే దెబ్బని తన మీద వేసుకోవచ్చు. అంటే పన్నెండు ఊపిర్లున్న గ్రొమిల్ మీద తొమ్మిదీ తొమ్మిదీ రెండు దెబ్బలు.

కూలడం ఖాయం. లేస్తాడా లేవడా అన్నదే సంగతి. గ్రొమిల్‌కి ఒక ఒట్టు ఉంది. ఇంకొకరి దెబ్బ మోస్తూ కూలితే, జన్మకి ఒక్కసారి, ఒక్క ఊపిరితో లేచి నిలబడతాడు. సొంత దెబ్బకి కూలితే మాత్రం లేవడు. కాబట్టి తన దెబ్బ ముందు తగిలి, పిల్ల దెబ్బ తర్వాత తగిలితే బతుకుతాడు. పిల్ల దెబ్బ ముందు తగిలి, తన దెబ్బ తర్వాత తగిలితే చస్తాడు. ఉన్నది ఒకే తోక, ఒకే విసురు. ఏది ముందు?

నెవెంకా ఆట పుస్తకం తిరగేసింది. కుట్లు ఊడిపోయి టేపుతో బతుకుతున్న పుస్తకం. ఒకచోట, అడ్డుపడటం మిగతా అన్నిటికన్నా ముందు జరిగినట్టు లెక్క అని ఉంది. ఇంకోచోట, ఒకేసారి జరిగినవాటికి వరస పెట్టేది ఆట నడిపేవారు అని ఉంది. అడ్డుపడటం ముందైతే అడ్డుపడి తిన్న దెబ్బ కూడా ముందే కదా అనుకుంది. పిల్ల దెబ్బ ముందు, సొంత దెబ్బ తర్వాత, ఒట్టు పనిచెయ్యదు, గ్రొమిల్ ఇక లేవడు అని తీర్పు చెప్పి, ఇసుక గడియారం తిప్పిపెట్టింది.

ఆ గడియారం మిర్నా వాళ్ళమ్మ గుడ్లు ఉడకబెట్టుకోవడానికి కొన్నది. మూడు నిమిషాలు నడుస్తుంది. ఇసుక జారేలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. జారాక ఆ తీర్పుకి తిరుగు లేదు, దేవుడు దిగివచ్చి బతిమాలినా సరే. ఈ ఆచారం పెట్టింది స్లావెన్. అభ్యంతరాలు చెప్పేదీ స్లావెనే. నీళ్ళలో మునిగినవాడు కేక పెట్టగలడా లేదా అని మూడు శనివారాలు వాదించిన మనిషి. వాదించి సాధించిన తీర్పులన్నీ ఎర్రట్ట నోటుబుక్కులో అంకెలు వేసి రాసుకుని, దాన్ని చొక్కా లోపల పెట్టుకుని తిరిగేవాడు. అప్పటికి అరవై ఏడు తీర్పులు.

అందుకే ఎవరూ కంగారు పడలేదు. డింకో గసగసాల రొట్టె ఇంకో ముక్క కోసుకుని, వాదన వినడానికి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. స్లావెన్ రెండు వేళ్ళు గ్రొమిల్ తల మీద ఆనించి ఇసుకనే చూస్తున్నాడు. చలికాలం నుంచి చిక్కిపోయి, వాచీ పట్టీకి మేకుతో రెండు కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. అయినా అది మణికట్టు దగ్గర ఆగడం లేదు. ఇసుక సగమయింది. నెవెంకా, ఇక మొదలుపెట్టు అన్నట్టు అతని వంక చూసింది. అతను తల ఎత్తలేదు. ఆఖరి ఇసుక జారాక బొమ్మని ఒక పక్కకి మెల్లగా పడుకోబెట్టాడు. సరే అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఒక తీర్పుకి అతను సరే అనడం అదే మొదలు. ఆచారం ప్రకారం గ్రొమిల్ వివరాలు రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బొమ్మతో సహా బిస్కట్ల డబ్బాలో వేశారు. డింకో అతన్ని కారులో ఇంటి దగ్గర దించాడు. ఎర్ర నోటుబుక్కు బల్ల మీదే ఉండిపోయింది.

*

ఆదివారమంతా నెవెంకా కాలు గాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. బట్టలు ఉతికి ఆరెయ్యడం మరిచిపోయింది. పాపం చేసినట్టు ఉంది ఆమెకి. ఏం పాపం అంటే చెప్పలేదు. బొమ్మ పడిపోయింది, అంతే కదా?

స్లావెన్‌కి కడుపులో గడ్డ. ఫిబ్రవరిలో కోసి తీశారు. తర్వాత మూడు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. ఎలా ఉందని అడిగితే పనిచేస్తోంది అంటాడు. మందా, జబ్బా అన్నది చెప్పడు. పెళ్ళి చేసుకోలేదు, అక్క యాగోడతో కలిసి ఉంటాడు. పదిరోజుల కిందట చేపల మార్కెట్లో కనబడ్డప్పుడు యాగోడ అన్న మాట నెవెంకా చెవిలోంచి పోవడం లేదు. శుక్రవారం నుంచే ఓపిక దాచుకుంటాడట. మెట్లెక్కడట, ఫోన్లో కూడా మాట్లాడడట. శనివారం మూడు గంటలు కూర్చోవాలి కదా అని.

ఆ శనివారాన్నే తను చంపేసింది. కొత్త మనిషిని చేసుకోవచ్చు నిజమే, కాగితం ఇంకోటి తీసుకుని కొత్త పేరు రాసుకోవచ్చు. ఒంట్లో ఊపిరి అరువు తెచ్చుకుని బతికేవాణ్ణి పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమని ఎవరు చెప్పగలరు? నెవెంకా ఆట పుస్తకం ముందేసుకుని మళ్ళీ చదివింది. రెండు పేజీలనీ పెన్సిలుతో, అక్షరం అక్షరం. ఎక్కడో ఒక సందు ఉండకపోదు, గ్రొమిల్ ఒక్క ఊపిరితో దూరి బయటపడేంత సందు. చీకటి పడేదాకా వెతికింది. పుస్తకం మొండికేసింది.

సోమవారం ఆఫీసులో కూడా అదే ధ్యాస. భూముల కొలతల ఆఫీసులో ఆమె పటాలు గీస్తుంది. ద్రావా నది ఒడ్డున రెండు తోటల మధ్య జానెడు వెడల్పు చీలిక గురించి ఇద్దరు అన్నదమ్ములు వచ్చి కూర్చున్నారు. పాత పటం ఒకటి చెబుతోంది, కొత్త పటం ఇంకోటి చెబుతోంది. నెవెంకా స్కేలు పెట్టి గీత గీసి, మీ ఇద్దరి పటాలూ సరైనవే అంది. అయితే చీలిక ఎవరిదని పెద్దవాడు అడిగాడు. మీ ఇద్దరికీ ముందే ఎవరో తేల్చి ఉంటారు, పాత కాగితాల్లో వెతకాలి అంది. అన్నాక పెన్సిలు కింద పెట్టేసింది. పాత తీర్పులు. ఎర్ర నోటుబుక్కు.

మంగళవారం పని అవగానే డింకో కొట్టుకి వెళ్ళింది. డింకో ఒక చక్రాన్ని స్టాండుకి బిగించి, వంకర తీస్తున్నాడు. చక్రాన్ని మెల్లగా తిప్పుతాడు, రిమ్ము ఎక్కడ రాసుకుంటుందో చెవితో వింటాడు, అక్కడి స్పోకుని చిన్న పానాతో పావు తిప్పు బిగిస్తాడు. మాట్లాడుతున్నా చెయ్యి ఆగదు. శనివారం కారులో తను స్లావెన్‌కి ఉపాయం చెప్పానన్నాడు. గ్రొమిల్‌కి కవల తమ్ముడున్నాడను, అదే బొమ్మ, అదే డాలు, మీసం గీసేస్తే సరిపోతుందని.

"ఏమన్నాడు?"

"నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను నోరు మూసుకున్నా."

నోటుబుక్కు రేకు అల్మరాలో, గొలుసుల డబ్బా మీద ఉంది. నెవెంకా అక్కడే నిలబడి పేజీలు తిప్పింది. స్లావెన్ చేతిరాత రైల్వే వాళ్ళ చేతిరాత, ఎవరు చదివినా ఒకేలా అర్థమవ్వాలి అన్నట్టు విడివిడిగా ఉంటుంది. నలభై ఒకటో తీర్పు దగ్గర ఆమె వేలు ఆగింది. "దెబ్బలు ఒకేసారి పడితే, వాటికి వరస చెప్పాల్సింది ఆట నడిపేవారు కాదు. ఎవరి మీద పడ్డాయో వాళ్ళు." కింద తేదీ ఉంది, పదకొండేళ్ళ కిందటిది. నలుగురి సంతకాలు ఉన్నాయి. ఆమెదీ ఉంది.

"ఇదిగో, దొరికింది." ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా తీర్పు తప్పు. వరస వాడు చెప్పాలి, నేను కాదు. వాడు తన దెబ్బ ముందంటాడు, పిల్ల దెబ్బ తర్వాతంటాడు, ఒట్టు పనిచేస్తుంది, లేస్తాడు. గ్రొమిల్ బతికే ఉన్నాడురా."

డింకో నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని, దగ్గరికి వచ్చి చదివాడు. అతని మంత్రగాణ్ణి నిప్పుల గుంటలోంచి బతికించింది ఆ తీర్పే. స్లావెన్ దానికోసం రెండు శనివారాలు పోట్లాడాడు. డింకోకి అంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చినకొద్దీ అతని మొహంలో సంతోషం తగ్గిపోయింది.

"నెవెంకా, ఇది నువ్వు మర్చిపోయావు, నేను మర్చిపోయాను, సరే. వాడెలా మర్చిపోయాడే?"

ఆ ప్రశ్న ఆమెకి నచ్చలేదు. మందుల వల్ల మతిమరుపు వస్తుంది, మిర్నాని అడుగు కావాలంటే, అని విసుక్కుంది. నోటుబుక్కు సంచిలో పడేసుకుని బయటికి వచ్చేసింది. వెనక చక్రం తిరుగుతున్న చప్పుడు వినబడలేదు.

*

బుధవారం సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళింది. యాగోడ పిండి చేతులతోనే తలుపు తీసి, మోచేత్తో లోపలికి దారి చూపింది. స్లావెన్ వంటింట్లో కిటికీ పక్కన సోఫాలో ఉన్నాడు. మే నెల ఎండ మీద పడుతున్నా ఉన్ని దుప్పటి కప్పుకున్నాడు. కిటికీ అవతల గూడ్సు యార్డు. పెట్టెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినబడగానే అతను వాచీ చూసుకుని, పదకొండు నిమిషాలు ఆలస్యం అన్నాడు, అదేదో నెవెంకా తప్పయినట్టు.

నాలుగు రోజుల్లో మనిషి ఇంకా తగ్గిపోయాడు. నెవెంకా ఆ సంగతి గమనించనట్టే గబగబా నోటుబుక్కు తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"నలభై ఒకటి చదువు."

అతను అట్ట కూడా తెరవలేదు. "దెబ్బలు ఒకేసారి పడితే, వాటికి వరస చెప్పాల్సింది ఆట నడిపేవారు కాదు, ఎవరి మీద పడ్డాయో వాళ్ళు. మార్చి నెల. డింకో వెధవ ఆ రోజు తినడానికి ఏమీ తేలేదు. మిర్నాకి జలుబు."

నెవెంకా కుర్చీ లాక్కుని కూర్చుంది. 

"గుర్తుందన్నమాట."

"నేను రాసిందే కదా."

"మరి నోరెందుకు మెదపలేదు? మూడు నిమిషాలు నీ మొహమే చూశానే. ఒక్క ముక్క అంటే చాలు, బతికేవాడు."

"ఎవరి మీద పడ్డాయో వాళ్ళే వరస చెప్పాలి. నేను చెప్పాను. నువ్వు అరిచి చెప్పిందే నేను ఊరుకుని చెప్పాను. తీర్పు తప్పేం కాదు తల్లీ, బెంగపడకు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నాలుగు రోజులుగా మోసిన పాపం, దుఃఖం, సెలవు చీటీ, అన్నీ కలిసి కోపమై పైకి వచ్చాయి. "నా చేత చంపించావు. నీకు తెలుసు, తెలిసే నా చేత చంపించావు. నేను అన్నం తినలేదు తెలుసా?"

"పాచికలు నువ్వేగా వేశావు. పంతొమ్మిదేళ్ళుగా నా మీద నీకు తొమ్మిదికి తక్కువ పడిన పాపాన పోలేదు." ఆమె నవ్వలేదు. అతనూ నవ్వడం మానేశాడు. దుప్పటి అంచుని వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ చెప్పాడు. "పోయిన గురువారం డాక్టరు మందు ఆపేశాడు. ఇక ఎక్కించి లాభం లేదన్నాడు. రేపు ఆస్పత్రిలో చేర్చుకుంటారు. అక్కడ నొప్పి తెలియకుండా చూస్తారట. తిరిగి రావడం ఉండదు."

పొయ్యి దగ్గర యాగోడ అప్పడాల కర్ర ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

నెవెంకా ఏదో అనబోయింది. అతను చెయ్యి ఎత్తి ఆపాడు.

"నేను రాని రోజు గ్రొమిల్ ఏం చేస్తాడు?"

ఆమెకి జవాబు తెలుసు. అది కూడా ఆ బల్ల ఆచారమే. ఎవరైనా ఆటకి రాకపోతే వాళ్ళ మనిషిని బలి పెట్టరు, తీసెయ్యరు. మిగతావాళ్ళు గుహలోకో కోటలోకో వెళ్తుంటే, అతన్ని బయట గుర్రాల దగ్గర కాపలా ఉంచుతారు. ఆడేవాళ్ళు తిరిగి వచ్చాక అతను అక్కణ్ణుంచి కలుస్తాడు.

"గుర్రాల దగ్గర ఉంటాడు" అంది.

"ఫిబ్రవరిలో నాలుగు శనివారాలు అక్కడే ఉన్నాడు. డింకో వాడికి రోజూ వేడి సూప్ పంపించాడట, మంత్రం వేసి. మిర్నా చెప్పింది. మీ సంగతి నాకు తెలీదా? వచ్చే శనివారం గుర్రాల దగ్గరే నిలబెడతారు. ఆ పై శనివారమూ నిలబెడతారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంచుతారు, వానలో, మంచులో. వాణ్ణి చంపడానికి మీకు చేతులు రావు, పొమ్మనడానికి నోరు రాదు. వాడు ఆ గుర్రాల్ని మేపుకుంటూ నేనెప్పుడొస్తానా అని దారి చూస్తుంటాడు." అతను ఆగి నీళ్ళు తాగాడు. "అది నావల్ల కాదు నెవెంకా. వాడు అలా నిలబడి ఉంటాడని తెలిసి నేను కళ్ళు మూసుకోలేను."

బయట ఒక ఇంజను కూత వేసి కదిలింది. అతను అలవాటుగా అటు చూశాడు.

"ఒకే పట్టా మీదికి రెండు బండ్లొస్తే ఏది ముందు పోవాలో చెప్పడమే నా ఉద్యోగం. వాణ్ణి ముందు పంపించాను. నేనున్నప్పుడే, నా చేతులతో పడుకోబెట్టాను. మిర్నా పిల్ల బతికింది కదా? ఇంకేం కావాలి?"

నెవెంకా ఏడ్చింది. దాచుకోలేదు. తీర్పు తిరగరాస్తానంది, తప్పు తనదేనని ఒప్పుకుంటానంది, గడియారం మళ్ళీ తిప్పుతానంది. గ్రొమిల్ లేస్తే స్లావెన్ కూడా ఎలాగోలా శనివారానికి వస్తాడనే పిచ్చి ఆశ ఆమెని వదల్లేదు. అతను ఆమె చెయ్యి పట్టుకుని, ఏడుపు తగ్గేదాకా ఉన్నాడు.

"ఇసుక అయిపోయింది" అన్నాడు.

తర్వాత నోటుబుక్కు తెరిచి, నువ్వు రాయి అని పెన్ను ఇచ్చాడు. అరవై ఎనిమిదో తీర్పు. అతను చెప్పాడు, ఆమె రాసింది. దెబ్బలు ఎవరి మీద పడ్డాయో వాళ్ళు ఊరుకుంటే, ఆ ఊరుకోవడం కూడా వరస చెప్పినట్టే. ఆమె సంతకం పెట్టింది. అతను పెట్టడానికి చాలాసేపు పట్టింది. పుస్తకం మూసి ఆమెకే ఇచ్చేశాడు. యాగోడ ముగ్గురికీ సూప్ వడ్డించింది. అతను రెండు చెంచాలు తాగి, మిగతాది నెవెంకా గిన్నెలో ఒంపాడు, అన్నం తినలేదన్నావుగా అని.

*

శనివారం ముగ్గురూ వచ్చారు. ఆడాలని ఎవరికీ లేదు, ఇంట్లో కూర్చోవాలనీ లేదు. గురువారం స్లావెన్‌ని చేర్చుకున్నారు. నిన్నటి నుంచి ఎక్కువసేపు నిద్రలోనే ఉంటున్నాడని యాగోడ కబురు చేసింది. డింకో అలవాటు కొద్దీ నాలుగు కుర్చీలు వేశాడు. వేశాక ఒకటి తియ్యాలో ఉంచాలో తెలియక, దాని వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. చివరికి ఉంచేశాడు. స్లావెన్ ఎందుకు నోరు మెదపలేదో నెవెంకా వాళ్ళకి ముందే చెప్పింది. మిర్నా విని, మందుల షాపు తెల్లకోటు జేబులో చేతులు పెట్టుకుని, వీధిలోకి వెళ్ళి ఒక చుట్టు తిరిగి వచ్చింది.

పాము చచ్చింది. పాము వెనక గుహ ఉంది. నెవెంకా గుహ ముఖద్వారం వర్ణించింది, లోపలి నుంచి వచ్చే చల్లగాలి గురించి చెప్పింది. గుర్రాలు లోపలికి పట్టవు అంది. మిర్నా పెన్సిలు చెక్కుకుంటూ, పంతొమ్మిదేళ్ళుగా ప్రతి గుహ ముందూ అడిగే మాట అడిగేసింది.

"గుర్రాల దగ్గర ఎవరుంటున్నారు?"

అడిగాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

డింకో బిస్కట్ల డబ్బా వంక చూశాడు. "తీద్దామా?" అన్నాడు మెల్లగా. "ఒక్క రోజుకే. లోపలికి రానవసరం లేదు, పోరాడనవసరం లేదు. ఊరికే అక్కడ నిలబడతాడు. స్లావెన్‌కి తెలియదు కదా."

నెవెంకాకీ అదే కావాలని ఉంది. ఎంత కావాలని ఉందంటే, ఆమె చెయ్యి డబ్బా మూత దాకా వెళ్ళింది. మూత తీస్తే చాలు. గ్రొమిల్ లేచి వచ్చి గుహ బయట నిలబడతాడు, ఆ నాలుగో కుర్చీ మామూలు శనివారం ఖాళీగా ఉన్న కుర్చీలా ఉంటుంది, అంతే. ఎవరికి నష్టం? డింకో అప్పుడే సూప్ మంత్రం గురించి ఆలోచిస్తున్నాడని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. అది చూశాక ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరూ లేరు" అంది.  "గుర్రాల దగ్గర ఎవరూ లేరు."

చెప్పి, ఇసుక గడియారం తిప్పిపెట్టింది.

ముగ్గురూ ఇసుకని చూస్తూ కూర్చున్నారు. అభ్యంతరం చెప్పొచ్చు, ఎవరైనా. సగం జారాక ముందు గదిలో తలుపు గంట మోగింది. ముగ్గురూ ఒక్కసారే తిరిగి చూశారు. ఎవరో ఒకావిడ, ట్యూబుకి పంక్చరు వెయ్యాలట. ఇవాళ మూసేశామని డింకో కూర్చున్నచోటి నుంచే చెప్పాడు. మళ్ళీ గడియారం వైపు తిరిగేసరికి అడుగున కుప్ప పూర్తయిపోయింది.

 తర్వాత మిర్నా ముక్కు తుడుచుకుని, తన దొంగపిల్ల బొమ్మని గుహ దగ్గర్నుంచి నాలుగు గళ్ళు వెనక్కి జరిపింది.

"అయితే నేను వెళ్ళి కళ్ళాలు విప్పేస్తా" అంది. "కట్టేసి ఉంచితే వాటికి నీళ్ళెవరు పెడతారు?"

ఆట నడిపేది నెవెంకా కాబట్టి, ఆ తర్వాత ఏమయిందో ఆమే చెప్పాలి. ఆమె చెప్పింది. కళ్ళాలు విప్పినా గుర్రాలు వెంటనే పోలేదు, అంది. కాసేపు అక్కడే నిలబడ్డాయి, రోజూ తమ పక్కన నిలబడే మనిషి కోసం చూసినట్టు. తర్వాత ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి.